కళాకారుణ్ణి పక్కన పెట్టి కళను చూడొచ్చా? ఒక్కో రచన మీద తేల్చుకునే పద్ధతి

"కళ వేరు, కళాకారుడు వేరు" అని ఒకరంటారు. "ఆ మనిషి చేసింది తెలిశాక కూడా ఆ పాట ఎలా వినబుద్ధవుతుంది?" అని ఇంకొకరంటారు. గంటలు గడిచినా ఈ వాదన తెగదు. పైకి ఒక్క ప్రశ్నలా కనిపించేదాంట్లో ఐదారు ప్రశ్నలు కలిసిపోయి ఉంటాయి. ఒకరు ఒకదానికి జవాబు చెబుతుంటే, ఎదుటివారు మరోదాని మీద పోట్లాడుతుంటారు.

ఆ చిక్కు విడదీసి ఒక నిర్ణయానికి ఎలా రావాలో ఇక్కడ చెబుతున్నాం. పాఠం చెప్పేవారికి, పుస్తక చర్చలు నడిపేవారికి, ప్రదర్శనలు పెట్టేవారికి, లైబ్రరీకి పుస్తకాలు ఎంచేవారికి ఇది పనికొస్తుంది. ఇష్టమైన రచయిత గురించి చెడ్డ కబురు విని ఏం చేయాలో పాలుపోని మామూలు పాఠకులకూ పనికొస్తుంది. ఒక కాగితం, ఒక రచన, రెండు గంటల సమయం చాలు. కళాకారుడి జీవితకాలపు పని మొత్తాన్ని ఒకేసారి ముందు వేసుకోకండి. ఒక్క నవల, ఒక్క బొమ్మ, ఒక్క పాట తీసుకోండి. ఎందుకో కాసేపట్లో తెలుస్తుంది.

ముందు మీరు చేయబోయే పనేమిటో రాయండి

"వేరు చేయొచ్చా, చేయకూడదా" అన్న మాటను కాగితం మీద కొట్టేయండి. దాని స్థానంలో మీరు చేయబోతున్న పని రాయండి: చదవడమా? డబ్బు పెట్టి కొనడమా? పాఠంగా పెట్టడమా? పదిమంది నడిచే చోట గోడకు తగిలించడమా? అవార్డు ఇవ్వడమా, విగ్రహం నిలబెట్టడమా? ఒకే రచనకు వీటిలో ఒకదానికి "సరే" అనీ మరోదానికి "వద్దు" అనీ జవాబు రావచ్చు. అందులో తడబాటేమీ లేదు.

లూయీ ఫెర్డినాండ్ సెలీన్ ఫ్రెంచి నవల నడకనే మార్చినవాడు. యూదుల మీద విషం కక్కే పుస్తకాలు అచ్చేసినవాడు కూడా. 2011లో, ఆయన పోయి 50 ఏళ్లయిన సందర్భంగా, ఫ్రాన్స్ ప్రభుత్వం జాతీయ స్మరణోత్సవాల జాబితాలో ఆయన పేరు చేర్చింది. అభ్యంతరాలు రాగానే తీసేసింది. నవలల్ని మాత్రం ఎవరూ ముట్టుకోలేదు. దుకాణాల్లో దొరుకుతూనే ఉన్నాయి, విశ్వవిద్యాలయాల్లో పాఠాలవుతూనే ఉన్నాయి. ప్రభుత్వానిది రెండు నాలుకల ధోరణి అనిపించవచ్చు గానీ, మా లెక్కలో అది సరైన పనే. ఒక మనిషిని చదవడం వేరు, దేశం తరఫున ఆయనకు దండ వేయడం వేరు.

ఈ తేడా పట్టించుకోకపోతే ఏమవుతుందో ఎజ్రా పౌండ్ విషయంలో చూడొచ్చు. ఈ అమెరికన్ కవి రెండో ప్రపంచ యుద్ధ కాలంలో రోమ్ రేడియోలో ముస్సోలినీ పక్షాన ప్రసంగాలు చేశాడు. స్వదేశంలో దేశద్రోహం కేసు పెట్టారు. విచారణకు తగిన మానసిక స్థితి లేదని తేల్చి వాషింగ్టన్‌లోని మానసిక చికిత్సాలయంలో ఉంచారు. అక్కడ ఉండగానే 1949లో ఆయనకు కవిత్వానికిచ్చే బోలింజెన్ బహుమతి ప్రకటించారు. ఇచ్చింది అమెరికా ప్రభుత్వ గ్రంథాలయమైన లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్. కవిత్వపు విలువ తప్ప ఇంకేదీ లెక్కలోకి రాకూడదన్నది న్యాయనిర్ణేతల వాదన. గొడవ ముదిరి చివరికి ఆ లైబ్రరీ బహుమతులివ్వడమే ఆపేసింది. బోలింజెన్ నిర్వహణ యేల్ విశ్వవిద్యాలయం చేతికి వెళ్లింది. న్యాయనిర్ణేతలు పాఠకుల్లా ఆలోచించారు, చేసిన పని మాత్రం సన్మానం. అదీ ప్రభుత్వ సంస్థ పేరు మీద. చదవడానికి సరిపోయిన కొలతను సన్మానానికి వాడటమే అక్కడ జరిగిన పొరపాటు.

ఆరోపణ ఎంత ఖాయమో తేల్చండి

రెండో పని, ఆ మనిషి గురించి తెలిసింది ఏ మెట్టు మీద ఉందో రాయడం. అన్నిటికన్నా పై మెట్టు మీద కళాకారుడు స్వయంగా రాసిందీ ఒప్పుకున్నదీ ఉంటుంది. దాని కింద కోర్టు తీర్పు, ఆ కాలపు పత్రాలు. తర్వాత ఒకరికొకరు సంబంధం లేని పలువురు చెప్పిన మాటలు, దాని కింద ఒక్కరి మాట, అట్టడుగున ఊరూపేరూ లేని పుకారు. ఒక్కరి మాట కాబట్టి అబద్ధమని అర్థం కాదు. మీరు బహిరంగంగా రాసే వాక్యంలో "చేశాడు" అనాలా, "చేశాడని ఫలానావారు చెప్పారు" అనాలా అన్నది మెట్టును బట్టి మారుతుందంతే.

తీర్పు దగ్గర చాలామంది జారిపడతారు. నటుడు బిల్ కాస్బీ మీద 2018లో నేరం రుజువైంది. 2021 జూన్‌లో పెన్సిల్వేనియా సుప్రీంకోర్టు ఆ తీర్పును కొట్టేసింది. అంతకుముందున్న ప్రాసిక్యూటర్ ఇచ్చిన హామీని తర్వాతివారు మీరారన్నది కారణం. నేరం చేయలేదని ఆ కోర్టు అనలేదు. కాబట్టి "శిక్ష పడ్డ నేరస్థుడు" అని రాసినా తప్పే, "నిర్దోషిగా తేలినవాడు" అని రాసినా తప్పే. తీర్పు పక్కన తేదీ, కోర్టు, అప్పీలు సంగతి తప్పనిసరిగా రాసుకోండి.

ఎవరూ ఏమీ అనలేదు కదా అని నిశ్చింతగా ఉండటానికీ లేదు. ఆంగ్ల శిల్పి, అక్షర రూపకర్త ఎరిక్ గిల్ 1940లో చనిపోయాడు. దాదాపు అర్ధశతాబ్దం పాటు భక్తిపరుడైన కళాకారుడిగానే జనానికి తెలుసు. 1989లో వచ్చిన జీవితచరిత్ర ఆయన డైరీలను బయటపెట్టింది. సొంత కూతుళ్లను లైంగికంగా వాడుకున్నట్టు వాటిలో ఆయన చేతిరాతే ఉంది.

ఇక "ఆ కాలం అలాంటిది" అన్న సమర్థన. దీన్ని కొట్టిపారేయకండి, పరీక్షించండి. ఆ కాలం వాళ్లలోనే ఎవరైనా తప్పు పట్టారా? సంగీతంలోని యూదుల మీద జర్మన్ స్వరకర్త రిచర్డ్ వాగ్నర్ రాసిన ద్వేషపూరిత వ్యాసం 1850లో మారుపేరుతో వచ్చింది. 1869లో సొంత పేరుతో, ఇంకొంత పెంచి మళ్లీ అచ్చేశాడు. అప్పుడు నిరసనలు తెలిపినవాళ్లు ఆయన సమకాలికులే. కాబట్టి ఆయన విషయంలో ఆ సమర్థన నిలవదు. ఎవరూ తప్పు పట్టని సందర్భాల్లో మాట్లాడే అవకాశం ఎవరికుండేదో కూడా చూడాలి. నోరు మెదపలేని వాళ్ల మౌనం సమ్మతి కింద జమ కాదు.

అతుకు ఎక్కడుందో వెతకండి

అన్నిటికన్నా ఎక్కువ సమయం పట్టేదీ, ఎక్కువమంది దాటవేసేదీ ఈ అడుగే. ఆ మనిషి చేసిన తప్పు ఈ రచనను ఎక్కడ తాకుతోంది?

ఎరిక్ గిల్ చేతి నుంచి వచ్చిన రెండు పనులు పక్కపక్కన పెట్టి చూడండి. ఒకటి 1928లో వచ్చిన గిల్ శాన్స్ అక్షరాలు. అంతకుముందు లండన్ భూగర్భ రైల్వే కోసం ఎడ్వర్డ్ జాన్‌స్టన్ గీసిన అక్షరాల ప్రభావం వాటిలో స్పష్టంగా కనిపిస్తుంది. వంపుల్ని ఎంత భూతద్దం పెట్టి వెతికినా గిల్ ఇంట్లో జరిగిన దాని జాడ దొరకదు. రెండోది 1920ల తొలి రోజుల్లో చెక్క మీద చెక్కి అచ్చు తీసిన బొమ్మ. స్నానపు తొట్టిలో కూర్చున్న అమ్మాయి, తల వంచుకుని ఉంటుంది, జుట్టు కిందికి జారుతుంటుంది. గీతల పొదుపు అద్భుతం. ఆ అమ్మాయి ఆయన కూతురే, డైరీల్లో రాసుకున్న కూతుళ్లలో ఒకరు. బట్టల్లేని కూతుర్ని తండ్రి కళ్లతో చూపించడమే ఆ బొమ్మ చేసే పని. ఇక్కడ మనిషిని తీసేస్తే మిగిలేది బొమ్మ కాదు, గీతలు.

అదే చెయ్యి, అదే దశాబ్దం. అక్షరాలకు ఒక జవాబు, బొమ్మకు ఇంకో జవాబు. అందుకే "ఎరిక్ గిల్ కావాలా వద్దా" అన్న ప్రశ్నకు పనికొచ్చే సమాధానం ఉండదు. మొదట్లో ఒక్క రచనే తీసుకోమన్నది ఇందుకే. ఈ రెంటికీ మధ్యన పడేవీ ఉంటాయి. లండన్‌లో బీబీసీ భవనం ముఖద్వారం పైన 1930ల నుంచీ ఉన్న గిల్ శిల్పంలో నగ్నంగా ఉన్న పిల్లవాడున్నాడు. 2022లోనూ 2023లోనూ దాని మీద సుత్తి దెబ్బలు పడ్డాయి. ఆ శిల్పం గ్యాలరీ లోపల ఉంటే, చూడాలనుకున్నవాళ్లే టికెట్ కొని వెళ్లేవారు. వీధిలోకి తిరిగి ఉండటంతో దారిన పోయేవాళ్లకు చూడను అనే వీలు లేదు. మొదటి అడుగులో రాసుకున్న పని ఇక్కడ మళ్లీ అక్కరకొస్తుంది.

అతుకులన్నీ ఒక రకం కావు. అన్నిటికన్నా గట్టిది, రచన తయారయ్యే క్రమంలోనే ఎవరికైనా హాని జరగడం. 1972 నాటి 'లాస్ట్ టాంగో ఇన్ పారిస్' సినిమాలో ఒక బలాత్కార సన్నివేశం ఉంది. అందులోని ముఖ్యమైన వివరాన్ని 19 ఏళ్ల నటికి ముందు చెప్పకుండా తీశామని దర్శకుడు బెర్తొలూచీ తర్వాత ఒప్పుకున్నాడు. తెరమీద కనిపించే అవమానం నటన కాకపోతే, జరిగిన హానినే మనం చూస్తున్నట్టు. దాన్ని వేరు చేసే కత్తి ఎక్కడా లేదు. ఇలాంటి చోట మిగతా అడుగులన్నీ అనవసరం. ఆ సన్నివేశం చూపించాలా వద్దా అన్న ఒక్క ప్రశ్నే మిగులుతుంది. మా మటుకు మేం చూపించం, ఏం జరిగిందో మాటల్లో చెబుతాం.

ఇంకో రకంలో రచనే తప్పుడు మాటకు వకాల్తా పుచ్చుకుంటుంది. పౌండ్‌కు బహుమతి తెచ్చిన కవితల మొదట్లోనే ముస్సోలినీ చావు మీద శోకం ఉంది. అక్కడ "రాజకీయం రేడియోలో, కవిత్వం కాగితంలో" అని విడదీయడం కుదరదు. ఛందస్సు ఒక్కటే చూస్తామంటే సగం కవిత చదవనట్టే. వాగ్నర్ సంగీత నాటకాల్లో ఇది ఒక్కోదానికి ఒక్కోలా ఉంటుంది. 'మైస్టర్‌సింగర్' నాటకంలోని బెక్‌మెస్సర్ పాత్ర యూదులను వెక్కిరించేందుకు పుట్టిందా కాదా అని పండితులు ఇప్పటికీ వాదించుకుంటున్నారు. 'ట్రిస్టాన్' గురించి ఆ స్థాయి వాదన లేదు.

మూడో రకం, నన్ను నమ్మండి అని అడిగే రచన. ఆత్మకథలు, సొంత జీవితం మీద జోకులు చెప్పే ప్రదర్శనలు, ఎలా బతకాలో చెప్పే పుస్తకాలు ఈ కోవలోవి. వీటిని మోసే గోడ రచయిత మాట మీద నమ్మకం. అది కూలితే రచన కూడా పడిపోతుంది, శైలి ఎంత బాగున్నా సరే. వాద్య సంగీతం దీనికి పూర్తిగా అవతలి చివర ఉంటుంది.

లేని అతుకును కనిపెట్టకండి

ఇక్కడ ఉత్సాహవంతులే ఎక్కువ పొరపాట్లు చేస్తారు. ఇటలీ ప్రభువు, స్వరకర్త కార్లో జెసువాల్దో 1590లో నేపుల్స్‌లో భార్యనూ ఆమె ప్రియుణ్ణీ చంపించాడు. ఆయన చివరి పాటల సంపుటాల్లో స్వరాలు ఊహించని మలుపులు తిరుగుతాయి, చెవికి గుచ్చుకునే కలయికలుంటాయి. "అది హంతకుడి అంతరాత్మ ఘోష" అని వినిపించేవాళ్లు కోకొల్లలు. తేదీలు చూడండి. ఆ సంపుటాలు అచ్చయింది 1611లో, హత్య జరిగిన 20 ఏళ్ల తర్వాత. మధ్యలో 1594లో ఆయన రెండో పెళ్లికి ఫెరారా వెళ్లాడు. అలాంటి స్వర ప్రయోగాలకు ఆ ఆస్థానం పెట్టింది పేరు. ఎవరినీ చంపని లుత్సాస్కీ లాంటి స్వరకర్తలు అక్కడ అదే దారిలో రాస్తున్నారు. హత్య కథ మనకు ముందే తెలుసు కాబట్టి స్వరాల్లో రక్తం వినిపిస్తోంది.

చిత్రకారుడు కరవాజియో సంగతి వేరు. 1606 మేలో రోమ్‌లో ఒకణ్ణి చంపి, మరణశిక్ష నెత్తిన పెట్టుకుని పారిపోయాడు. ఆయన చివరి ఏళ్ల బొమ్మల్లో ఒకదానిలో దావీదు చేతిలో వేలాడే గొలియాతు తల ఉంది. ఆ ముఖం కరవాజియోదేనని కళా చరిత్రకారులు చాలాకాలంగా చెబుతున్నారు. ఇక్కడ అతుకు రంగులోనే ఉంది, బయటి నుంచి తెచ్చి అతికించింది కాదు. పరీక్ష ఇదీ: రచనలో వేలు పెట్టి చూపించగలరా? చూపించలేకపోతే దాన్ని కాగితం మీద రాయకండి.

ఈ పొరపాటు మంచి వైపు నుంచి కూడా జరుగుతుంది, దాన్ని పట్టుకునేవాళ్లు తక్కువ. జర్మన్ చిత్రకారుడు ఎమిల్ నోల్డే బొమ్మలు వెయ్యికి పైగా నాజీలు జప్తు చేశారు. యుద్ధం తర్వాత ఆయన్ను పీడితుడైన కళాకారుడిగా కొలిచారు. ఆ సానుభూతితోనే బొమ్మల్ని చూశారు. నిజానికి ఆయన నాజీ పార్టీ సభ్యుడే, యూదు ద్వేషి కూడా. 2019లో బెర్లిన్ ప్రదర్శన ఆ పత్రాలన్నీ ముందు పెట్టింది. జర్మన్ చాన్సలర్ కార్యాలయ గోడ మీది నోల్డే బొమ్మలు ఆ ఏడే దిగిపోయాయి. మనిషిని పక్కన పెట్టాలన్న నియమం పెట్టుకుంటే, పాపంతో పాటు పుణ్యాన్నీ పక్కన పెట్టాలి. త్యాగమయ జీవితం వల్ల నచ్చుతున్న కవితకూ ఇదే పరీక్ష పెట్టి చూడండి, చాలావాటికి రంగు దిగిపోతుంది.

మీ చూపులో ఎంత భాగం కథ నుంచి వస్తోందో కొలవాలంటే చిన్న ప్రయోగం ఉంది. పేరు, ఏడు, ఏ వివరమూ లేకుండా రచనను ముందు పెట్టండి. 10 నిమిషాలిచ్చి ఒక్కొక్కరినీ మూడు వాక్యాలు రాయమనండి. తర్వాత కళాకారుడి సంగతి చెప్పి, మళ్లీ మూడు వాక్యాలు రాయించండి. రెండింటినీ పక్కపక్కన పెడితే తీర్పు మాత్రమే మారిందా, వర్ణన కూడా మారిందా తెలుస్తుంది. "రంగులు వెచ్చగా ఉన్నాయి" అన్నవారు రెండోసారి "రంగులు భయపెడుతున్నాయి" అంటే, మారింది రంగులు కావు. వాన్ గోహ్ గీసిన గోధుమ చేలు, కాకుల బొమ్మతో కళా విమర్శకుడు జాన్ బెర్గర్ 1972 నాటి తన పుస్తకంలో ఇదే చేసి చూపించాడు. ఒక పేజీలో ఊరికే బొమ్మ, పేజీ తిప్పగానే ఆత్మహత్యకు ముందు ఆఖరి చిత్రం ఇదేనన్న మాట. అది ఆఖరి చిత్రం కాదని ఇప్పటి పరిశోధకుల మాట. అంటే తప్పుడు సమాచారం కూడా చూపును అంతే బలంగా వంచుతుంది. అందరికీ తెలిసిన రచనతో ఈ ప్రయోగం పారదు, అదే కళాకారుడి తక్కువ తెలిసిన పని వాడండి.

ఈ చర్చల్లో "రచయిత మరణించాడు" అన్న ఫ్రెంచి విమర్శకుడు రోలాన్ బార్త్ మాట తరచూ అడ్డుకర్రగా వస్తుంది. 1967 నాటి ఆ వ్యాసం, అంతకుముందు 1946లో రచయిత ఉద్దేశం మీద అమెరికన్ పండితులు విమ్‌సాట్, బియర్డ్స్‌లీ రాసిన వ్యాసం, రెండూ అర్థం ఎవరి చేతిలో ఉంటుందన్న దాని గురించి. కవిత అర్థం తేల్చడానికి కవిని అడగనక్కర్లేదని చెప్పాయి. కవికి అవార్డు ఇవ్వొచ్చా, ఆయన పుస్తకం కొనొచ్చా అన్నదానికి వాటిలో జవాబు లేదు. ఎవరైనా వాటిని ఎత్తగానే ఏ ప్రశ్నకు జవాబుగా ఎత్తుతున్నారో అడగండి.

డబ్బు ఎటు పోతోంది

కొనడం, టికెట్ తీసుకోవడం మీ పని అయితేనే ఈ భాగం కావాలి. కళాకారుడు బతికి ఉన్నాడా? లేకపోతే కాపీరైటు ఇంకా ఉందా? కాపీరైటు మీది అంతర్జాతీయ బెర్న్ ఒప్పందం ప్రకారం చాలా రకాల రచనలకు మరణం తర్వాత కనీసం 50 ఏళ్లు హక్కు ఉంటుంది. చాలా దేశాల్లో 70. వాగ్నర్ పోయింది 1883లో, ఆయన నాటకానికి మీరిచ్చే టికెట్ డబ్బు ఇప్పటి గాయకులకూ వాద్యకారులకూ చేరుతుంది. బతికున్న రచయిత కొత్త పుస్తకం కొంటే రాయల్టీ వెళ్తుంది. పాత పుస్తకాల దుకాణంలో కొంటే వెళ్లదు. లైబ్రరీలో ఒక్క ప్రతిని ఎంతోమంది చదువుతారు, అయితే అరువిచ్చిన ప్రతిసారీ రచయితకు కొంత చెల్లించే పద్ధతి కొన్ని దేశాల్లో ఉంది.

హక్కులు వారసులవైతే ఆగి ఆలోచించండి. కొన్నిసార్లు ఆ వారసులే బాధితులు. డబ్బు ఆపేస్తే దెబ్బ ఎవరికి తగులుతుందో చూసుకోవాలి. సినిమా అయితే వందలమంది పని అది. వాళ్లలో చాలామంది జీతం అప్పుడే ముట్టి ఉంటుంది, వచ్చే లాభంలో వాటా ఉన్నది కొద్దిమందికే. కాబట్టి "మిగతావాళ్ల కష్టం వృథా అవుతుంది" అన్న వాదన పేరుకు సంబంధించి నిజం, డబ్బుకు సంబంధించి చాలావరకు కాదు.

సంస్థ తరఫున నిర్ణయిస్తుంటే మనిషి పేరు రాకముందే నియమం రాయండి. 2018 మేలో ఆన్‌లైన్‌లో పాటలు వినిపించే సంస్థ స్పాటిఫై కళాకారుల ప్రవర్తనను బట్టి ప్రచారం ఆపే విధానం పెట్టి, గాయకుడు ఆర్. కెల్లీ పాటలను తన ప్లేలిస్టుల నుంచి తీసేసింది. కొన్ని వారాల్లోనే ఆ విధానాన్ని వెనక్కి తీసుకుంది. ఏ తప్పుకు, ఎంత రుజువుంటే, ఎవరు తేల్చాలి అన్నది స్పష్టంగా లేకపోవడంతో ఎవరి పేరు వచ్చినా "మరి ఫలానావాడి సంగతి?" అన్న ప్రశ్న వెంటనే లేచింది. కెల్లీ మీద నేరం కోర్టులో రుజువైంది 2021లో.

పక్కన రాసే నాలుగు వాక్యాలు

చూపించాలనీ పాఠం చెప్పాలనీ నిర్ణయించాక, పక్కన పెట్టే వివరణ దగ్గర అసలు పని మొదలవుతుంది. గోడ మీది లేబుల్‌కు 50 నుంచి 75 పదాలు సరిపోతాయి, అంతకు మించితే నిలబడి చదవరు. ఫ్రెంచి చిత్రకారుడు పాల్ గొగాన్ 1892లో పసిఫిక్ దీవి తాహితీలో గీసిన 'మనావో తుపపావు' అనే బొమ్మ తీసుకుందాం. మంచం మీద బోర్లా పడుకుని, బెదురు కళ్లతో ఇటు చూసే అమ్మాయి. వెనక నల్ల ముసుగులో ప్రేతం.

"తన తాహితీ ప్రేయసిని గొగాన్ అజరామరం చేశాడు" అని రాస్తే దాచినట్టు. "పసిపిల్లల్ని చెరిచిన నీచుడి బొమ్మ" అని రాస్తే చూసేవారికి చూడాల్సిన పనే లేకుండా చేసినట్టు, తిట్టు చదివి ముందుకు వెళ్లిపోతారు. మేం ఇలా రాస్తాం:

"పడుకుని ఉన్నది తెహమాన. గొగాన్ రాతల ప్రకారం ఆమె వయసు సుమారు 13. ఆయనకు అప్పటికి 40 దాటాయి, పెళ్లాడిన భార్య, పిల్లలు యూరప్‌లో ఉన్నారు. తెహమానను కూడా భార్య అనే పిలిచాడు. ఆమె కళ్లలోని భయం చీకట్లో ప్రేతాల భయమని ఆయన వివరణ. అప్పుడే తలుపు తీసుకుని వచ్చింది ఆయనేనని కూడా ఆయనే రాశాడు."

విశేషణాలు లేవు. వయసులు, సంబంధం, ఎవరు చెప్పిన మాటో ఉన్నాయి. ఆఖరి వాక్యం చదివిన కళ్లు మళ్లీ బొమ్మ వైపు తిరుగుతాయి. లేబుల్ చేయాల్సింది అదే. అతుకు లేని రచనకు ఇంత అక్కర్లేదు. గిల్ శాన్స్ అక్షరాలు వాడిన ప్రతి పేజీ అడుగునా ఆయన నేరం రాయనవసరం లేదు, ఆయన జీవితం మీద పాఠమైతే మాత్రం రాయకపోవడం దాచడమే.

పదిమందితో చర్చ నడపాలంటే

గంటన్నర పెట్టుకోండి. ఏ రచన, అందులో ఏముంది, కళాకారుడి గురించి ఏం మాట్లాడబోతున్నాం అన్నది కనీసం రెండు రోజుల ముందే చెప్పండి. కూర్చున్నవాళ్లలో అలాంటి హాని స్వయంగా అనుభవించినవారు ఉండొచ్చు, వాళ్లు కారణం చెప్పకుండా రాకపోయే వీలుండాలి. మొదటి అరగంట రచన మీదే, తర్వాత పావుగంట రుజువైన సంగతుల మీద. ఆ పావుగంట ఒక్కరే మాట్లాడాలి, కాగితం చూసి. మిగతా సమయమంతా మొదటి అడుగులోని పనుల మీద: చదవడం సరేనా, కొనడం సరేనా, గౌరవించడం సరేనా. ఈ క్రమం తిరగేస్తే, అంటే నేరంతో మొదలుపెడితే, రచన దాకా చర్చ ఎప్పటికీ రాదు.

వెళ్లిపోయే వీలు ఎలా కల్పించాలో 2001 జులై 7న జెరూసలేంలో జరిగిన కచేరీ చూపిస్తుంది. ఇజ్రాయెల్‌లో వాగ్నర్ సంగీతం మీద చట్టపరమైన నిషేధం లేదు. 1938 నుంచీ వాయించకపోవడం అలిఖిత నియమం. కార్యక్రమం ముగిశాక వాద్యబృందాన్ని నడిపిన డానియల్ బేరన్‌బోయిమ్ శ్రోతల వైపు తిరిగి, వాగ్నర్ వినాలని ఉందా అని అడిగాడు. అరగంట వాదన నడిచింది. కొందరు కేకలేసి లేచి వెళ్లిపోయారు. ఉన్నవాళ్లకు 'ట్రిస్టాన్' నుంచి ఒక భాగం వాయించారు. దానిమీద తర్వాత చాలా విమర్శ వచ్చింది, అందులో న్యాయమూ ఉంది. ఒక సమాజం గాయాన్ని ఒక గదిలోని మెజారిటీ తీర్చలేదు. కానీ అడగడం, వాదించనివ్వడం, వెళ్లనివ్వడం, ఆ తర్వాతే మొదలుపెట్టడం అనే వరుస మాత్రం నేర్చుకోదగ్గది.

చర్చ చెడేది ఎక్కువగా ఒక మాట దగ్గర: "నువ్వు ఇంకా వాడి పాటలు వింటున్నావా?" అక్కడి నుంచి అందరూ తమ అభిరుచిని కాపాడుకునే పనిలో పడతారు. వ్యక్తిగతంగా వినడం మానాలా వద్దా అన్నది ఓటుకు పెట్టకండి. తెలిశాక ఆనందం పోయిందని ఒకరంటే దానికి రుజువు అడగక్కర్లేదు. పోలేదని ఇంకొకరంటే ఆ నేరాన్ని సమర్థించినట్టూ కాదు.

కాగితాన్ని పారేయకండి

చివర్లో నిర్ణయం, కారణం రెండు వాక్యాల్లో, తేదీ, నిర్ణయించినవారి పేర్లు రాసి దాచండి. కొత్త తీర్పు, కొత్త పత్రం, కాపీరైటు ముగియడం, ప్రదర్శన చోటు మారడం, వీటిలో ఏది జరిగినా మళ్లీ తీయాలి. కెనడా కథారచయిత్రి ఆలిస్ మన్రోకు 2013లో నోబెల్ వచ్చింది, 2024 మేలో ఆమె మరణించారు. చిన్నప్పుడు సవతి తండ్రి తనను లైంగికంగా వేధించాడనీ, తెలిశాక కూడా తల్లి అతనితోనే ఉండిపోయిందనీ ఆ జులైలో ఆమె కూతురు రాసింది. అతను 2005లోనే కోర్టులో నేరం ఒప్పుకున్నాడు. పత్రం 19 ఏళ్లుగా ఉంది, పాఠకలోకానికి తెలియలేదు. తల్లీ కూతుళ్ల మధ్య మౌనాల మీదే ఎన్నో కథలు రాసిన రచయిత్రి కాబట్టి, ఆమె విషయంలో అతుకు వెతికే అడుగును ఒక్కో కథకూ విడివిడిగా కొత్తగా చేయాలి. తిరిగి తీసినప్పుడు పాత వాక్యాలు చెరపకండి. కొట్టివేత గీత కనిపించేలా గీసి, పక్కన కొత్త తేదీతో కొత్త వాక్యం రాయండి. తర్వాత ఆ కాగితం చేతికొచ్చినవారికి ఏది ఎప్పుడు తెలిసి మారిందో అర్థమవుతుంది.